తువ్వాలు ముందా, సుద్దముక్క ముందా: మీరు రాసిన లాక్‌ని మోడల్ చెకర్‌తో పరీక్షించడం ఎలా

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో ఒక ఇంటి పెరట్లో రెండు గదులు అద్దెకిచ్చేవారు. ఒకదాంట్లో నేను, పక్కదాంట్లో మా బావ. వరసకి బావేం కాదు, మా కాలేజీలో అందరం అందరికీ బావలమే. రెండు గదులకీ కలిపి బాత్‌రూమ్ ఒక్కటి. దాని గడియ ఊడిపోయి చాన్నాళ్ళయింది. ఓనరమ్మ గారిని అడిగితే "రేపు ఏయించేస్తాను బాబూ" అనేవారు. ఆ రేపు కోసం ఆగలేక, బయట బట్టలారేసే తీగ మీద తువ్వాలు వేస్తే లోపల మనిషి ఉన్నట్టు అని ఒక పద్ధతి పెట్టుకున్నాం.

పద్ధతి పెట్టుకున్న మూడో రోజే, పొద్దున్న ఎనిమిదింటికి ఇద్దరం ఒకేసారి లోపలికి వెళ్ళబోయాం. "ఏటి బావా, తువ్వాలు చూడలేదేటి?" అని వాడు, "నేనొచ్చినప్పుడు లేదురా" అని నేను. నిజానికి ఇద్దరం నిజమే చెప్పాం.

రెండు థ్రెడ్‌లు ఒకే డేటాని ముట్టుకునేచోట జరిగేది ఇదే. ఈ గైడ్‌లో ఆ బాత్‌రూమ్‌నే ఉదాహరణగా పెట్టుకుని, మీరు రాసిన లాక్ పద్ధతి సరైనదో కాదో స్పిన్ అనే ఉచిత సాధనంతో ఎలా తేల్చుకోవాలో చెప్తాను. మీకు సీ లాంటి ఒక భాష, థ్రెడ్ అంటే ఏమిటో తెలిస్తే చాలు. లాజిక్‌లో పీహెచ్‌డీ అక్కర్లేదు.

టెస్ట్‌లు రాస్తే సరిపోదా అని అడుగుతారు. చెరో 10 అడుగులు వేసే రెండు థ్రెడ్‌లు తీసుకోండి. వాళ్ళ అడుగులు ఒకదాంట్లో ఒకటి కలిసే తీరులు 1,84,756. మూడో థ్రెడ్ వచ్చి అదీ 10 అడుగులు వేస్తే ఆ లెక్క సుమారు 5.55 లక్షల కోట్లకు చేరుతుంది. మీ టెస్ట్‌ని పది లక్షల సార్లు తిప్పినా ఆపరేటింగ్ సిస్టమ్ తనకి అలవాటైన నాలుగైదు దారుల్లోనే తీసుకెళ్తుంది. రోజూ మధ్యాహ్నం రెండింటికి మాత్రమే ఏడు రోడ్ల జంక్షన్ దాటేవాడు "ఇక్కడ ట్రాఫిక్ ఎప్పుడూ ఉండదు" అన్నట్టు ఉంటుంది ఆ టెస్ట్ రిజల్ట్. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రాసిన ఒక లాక్ నా లాప్‌టాప్‌లో రాత్రంతా తిరిగి ఒక్కసారి కూడా తప్పలేదు. ఎక్కువ కోర్‌లున్న మెషిన్ మీద పెట్టిన రెండో రోజే తప్పింది. ఆ వారం పడిన టెన్షన్ ఇంకా గుర్తుంది.

మోడల్ చెకర్ అదృష్టం మీద ఆధారపడదు. మీ ప్రోగ్రామ్‌కి చిన్న నమూనా రాసిస్తే, అది చేరగలిగిన ప్రతి స్థితికీ వెళ్ళి చూస్తుంది. ఎక్కడైనా తప్పుంటే ఏ అడుగు తర్వాత ఏ అడుగు పడితే ఆ తప్పు జరిగిందో దారి మొత్తం రాసి ఇస్తుంది.

మొదట కాగితం

స్పిన్ తెరవకముందే మీ పద్ధతిని మామూలు తెలుగులో, ఒక్కో వాక్యానికి ఒక్క పని చొప్పున రాసుకోండి. మా మొదటి పద్ధతి ఇలా ఉంటుంది: తీగ మీద అవతలివాడి తువ్వాలు ఉందా అని చూస్తాను. లేకపోతే నా తువ్వాలు వేస్తాను. లోపలికి వెళ్తాను. బయటికొచ్చి తువ్వాలు తీస్తాను.

చూడటం ఒక అడుగు, వేయడం ఇంకో అడుగు. ఆ రెండిటి మధ్య అవతలివాడు కూడా చూసేస్తే కథ అయిపోయింది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో టెక్కలి బస్సు ఆగీ ఆగకముందే అటు కిటికీలోంచి ఒకరు, ఇటు కిటికీలోంచి ఒకరు ఒకే సీటు మీద కర్చీఫ్ వేసి గొడవపడటం చూశారు కదా, అచ్చం అదే.

మొత్తం పనిలో కష్టమైన భాగం ఇక్కడే ఉంది. ఏది "ఒక్క అడుగు" అన్నది మీరే నిర్ణయించాలి. చెకర్ మీ మాట నమ్ముతుంది. స్పిన్ భాష పేరు ప్రోమెలా. అందులో ఒక్కో స్టేట్‌మెంట్ మధ్యలో ఎవరూ దూరలేని ఒక్క అడుగు. లెక్కకి ఒకటి కలుపు అని మీరు ఒకే లైనులో రాస్తే, నిజం మెషిన్‌లో మూడు పనులుగా జరిగేది (చదవడం, కలపడం, తిరిగి రాయడం) మోడల్‌లో ఒకే పని అయిపోతుంది. తప్పు కోడ్‌లో ఉంటుంది, మోడల్‌లో కనబడదు. అందుకని అందరికీ ఉమ్మడిగా ఉన్న ఒక వేరియబుల్‌ని ఒక్కసారి ముట్టుకోవడమే ఒక అడుగు అనుకోండి. చదివినదాన్ని ముందు సొంత లోకల్ వేరియబుల్‌లో పెట్టుకుని, తర్వాతి లైనులో రాయండి. టీఎల్ఏ ప్లస్ అనే ఇంకో సాధనం వాడేవాళ్ళు, దాని ప్లస్‌కాల్ భాషలో లేబుళ్ళు పెట్టి ఇదే పని చేస్తారు: ఒక లేబుల్ నుంచి తర్వాతి లేబుల్ దాకా ఒక అడుగు. సాధనం మారినా ఈ తలనొప్పి మారదు.

స్పిన్ పెట్టుకోవడం, చేయి తిరగడానికి ఒక పొడుపుకథ

స్పిన్‌ని జెరార్డ్ హోల్జ్‌మన్ బెల్ ల్యాబ్స్‌లో 1980 ప్రాంతంలో మొదలుపెట్టారు. 1991 నుంచి అందరికీ ఉచితంగా దొరుకుతోంది. ఉబుంటులో మిగతా ప్యాకేజీల్లాగే ఎక్కించుకోవచ్చు. దానితో పాటు ఒక సీ కంపైలర్ కావాలి, ఎందుకంటే స్పిన్ మీ మోడల్‌ని చదివి 'పాన్' అనే సీ ప్రోగ్రామ్‌ని తయారుచేస్తుంది. వెతుకులాట అంతా చేసేది ఆ పాన్. కాబట్టి ప్రతిసారీ మూడు పనులు: స్పిన్‌కి హైఫన్ ఏ ఇచ్చి పాన్ కోడ్ పుట్టించడం, దాన్ని కంపైల్ చేయడం, నడపడం.

లాక్ జోలికి వెళ్ళేముందు చిన్న మోడల్ ఒకటి రాయండి. ఉమ్మడి లెక్క సున్నాతో మొదలవుతుంది. ఇద్దరు మనుషులు. ఒక్కొక్కరు 10 సార్లు ఆ లెక్కని చదివి, ఒకటి కలిపి, తిరిగి రాస్తారు. చదవడం, రాయడం వేర్వేరు లైన్లలో ఉండాలి. ఇద్దరి పనీ అయ్యాక లెక్క కనీసం ఎంత ఉంటుంది? నేను అడిగిన వాళ్ళలో ఎక్కువమంది 10 అంటారు. "చివరి లెక్క 2 కంటే ఎక్కువ" అని ఒక అసర్ట్ (ఇక్కడ ఇది నిజమై తీరాలి అనే షరతు) పెట్టి పాన్‌ని నడపండి. అది తప్పు పట్టుకుని, లెక్క 2 దగ్గర ఆగిపోయే దారి చూపిస్తుంది. మొదటివాడు 0 చదివి నిద్రపోతాడు. రెండోవాడు తొమ్మిదిసార్లు కలుపుతాడు. అప్పుడు మొదటివాడు లేచి 1 రాసేస్తాడు. రెండోవాడు తన పదో సారి కోసం ఆ 1 చదువుతాడు. మొదటివాడు తన మిగతా తొమ్మిదీ పూర్తిచేస్తాడు. చివర్లో రెండోవాడు 2 రాసి వెళ్ళిపోతాడు. ఇది మీ స్క్రీన్ మీద కనబడితే సాధనం పనిచేస్తోందనీ, అడుగులు మీరు సరిగ్గా విడదీశారనీ అర్థం. తప్పేమీ దొరకకపోతే మీరు ఎక్కడో రెండు అడుగుల్ని ఒకటి చేసేశారు, వెనక్కి వెళ్ళి చూడండి.

దారిని చదవడానికి స్పిన్‌ని హైఫన్ టీ, హైఫన్ పీలతో మళ్ళీ నడపాలి. పాన్ వదిలిన ట్రైల్ ఫైలుని చదివి, అడుగడుగూ ఎవరు ఏ లైను నడిపారో చెప్తుంది. మొదటిసారి దొరికే దారి కొన్నిసార్లు చాంతాడంత ఉంటుంది. కంపైల్ చేసేటప్పుడు రీచ్ అనే ఆప్షన్ పెట్టి, పాన్‌ని హైఫన్ ఐ తో నడిపితే చిన్న దారి కోసం వెతుకుతుంది. పొడవాటి దారిని కూర్చుని చదివి సగం రోజు పోగొట్టుకోకండి.

ఇప్పుడు అసలు లాక్

చూసి వేయడం తప్పని తేలాక, మేం "ముందు వేసి తర్వాత చూద్దాం" అన్నాం. ఇద్దరూ లోపలికి దూరే ప్రమాదం పోయింది. కానీ ఇద్దరి తువ్వాళ్ళూ ఒకేసారి తీగ మీద పడితే, ఇద్దరూ బయట నిలబడి ఒకరి తువ్వాలు ఒకరు చూసుకుంటూ కాలేజీ బస్సు పోగొట్టుకోవడమే. దీన్ని మోడల్‌గా రాసి నడిపితే పాన్ "ఇన్‌వాలిడ్ ఎండ్ స్టేట్" అంటుంది. డెడ్‌లాక్‌కి అది పెట్టిన పేరు. దీనికోసం ప్రత్యేకంగా ఏమీ రాయక్కర్లేదు, తనంతట తానే చూస్తుంది.

అప్పుడు గోడ మీద సుద్దముక్కతో పేరు రాసే పద్ధతి వచ్చింది. ఇద్దరం ఒకేసారి వస్తే గోడ మీద ఎవరి పేరుంటే వాళ్ళు ముందు. వచ్చినవాడు మర్యాదగా అవతలివాడి పేరు రాయాలి. గ్యారీ పీటర్సన్ 1981లో ప్రచురించిన అల్గోరిథమ్ ఇదేనని నాకు తర్వాత తెలిసింది. దాన్ని మా భాషలో చెప్తే:

1. నా తువ్వాలు తీగ మీద వేస్తాను.
2. గోడ మీద అవతలివాడి పేరు రాస్తాను.
3. అవతలి తువ్వాలూ ఉండి, గోడ మీద వాడి పేరూ ఉంటే ఆగుతాను. రెండిట్లో ఏది లేకపోయినా లోపలికి వెళ్తాను.
4. బయటికొచ్చి నా తువ్వాలు తీసేస్తాను.

ప్రోమెలాలో ఆగడానికి లూప్ అక్కర్లేదు. ఒక షరతుని ఒక లైనుగా రాస్తే, అది నిజమయ్యేదాకా ఆ మనిషి అక్కడే ఆగుతాడు. లోపలికి వెళ్ళగానే 'లోపలున్నవాళ్ళు' అనే లెక్కని ఒకటి పెంచి, అది సరిగ్గా 1 అని అసర్ట్ పెట్టి, బయటికొచ్చేముందు తగ్గించండి. ఈ లెక్క అసలు కోడ్‌లో ఉండదు, నిఘా కోసం మోడల్‌లో పెట్టుకున్నదంతే.

ఉద్యోగంలో నేను రాసిన లాక్‌లో ఒకటీ రెండూ తారుమారయ్యాయి. ముందు పేరు, తర్వాత తువ్వాలు. రెండిట్లో ఏది ముందైతే ఏముందిలే అనిపిస్తుంది, కోడ్ చూసిన సీనియర్‌కీ అలాగే అనిపించింది. చెకర్ సెకను కూడా తీసుకోకుండా ఆరు అడుగుల దారి చూపించింది. నేను గోడ మీద బావ పేరు రాశాను. బావ వచ్చి దాన్ని చెరిపి నా పేరు రాశాడు. బావ తువ్వాలు వేశాడు. తీగ మీద నా తువ్వాలు ఇంకా లేదు కాబట్టి లోపలికి వెళ్ళిపోయాడు. నేను తువ్వాలు వేశాను. బావ తువ్వాలు ఉంది గానీ గోడ మీద నా పేరే ఉంది కదా అని నేనూ లోపలికి వెళ్ళాను.

పెద్దవాళ్ళు కూడా ఇలాంటి చోట్ల జారారు. డైక్‌స్ట్రా అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1965లో ఈ సమస్యకి పరిష్కారం ప్రచురించాక, హైమన్ అనే ఆయన 1966లో ఇద్దరి కోసం ఇంకా సులువైన పద్ధతి అంటూ ఒకటి ప్రచురించారు. అది తప్పని డోనాల్డ్ నూత్ ఆ ఏడాదే చూపించారు. ఇప్పుడైతే ఆ పద్ధతిని స్పిన్‌లో రాసి తప్పు పట్టుకోవడం విద్యార్థులకి ఇచ్చే అభ్యాసం. మీరూ చేయండి.

సరైన వరస పెట్టి నడిపితే "ఎర్రర్స్ 0" అని వస్తుంది. అక్కడితో ఆగకుండా ఒక్కసారి దీన్ని చేత్తో కూడా చేయమంటాను. ఒక్కొక్కరూ నాలుగు చోట్ల ఉండొచ్చు: పనిలేకుండా గదిలో, తువ్వాలు వేసి, పేరు రాసి ఆగి, లోపల. గోడ మీద ఇద్దరిలో ఒకరి పేరు. నాలుగు ఇంటూ నాలుగు ఇంటూ రెండు, 32 స్థితులు. మూడో లైనులో రెండు షరతులూ ఒకే అడుగులో చూస్తామనుకుని, ఇద్దరూ గదుల్లో ఉన్న స్థితి నుంచి బాణాలు గీసుకుంటూ వెళ్తే చేరగలిగేవి 20 మాత్రమే. మిగిలిన 12లో ఇద్దరూ లోపలున్న రెండూ ఉన్నాయి. ఎంత గీసినా వాటికి బాణం రాదు. చార్ట్ మీద పెన్సిల్‌తో అరగంట పని. ఇది ఒకసారి చేసినవాళ్ళకి చెకర్ లోపల ఏం చేస్తుందో మళ్ళీ ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాత ఆ రెండు షరతుల్ని రెండు అడుగులుగా విడదీసి స్పిన్‌తో చూడండి. అప్పుడూ పద్ధతి నిలబడుతుంది.

లోపలికి వెళ్తాడా అసలు?

ఇద్దరూ ఒకేసారి లోపల ఉండకూడదన్నది సగం ప్రశ్న. బాత్‌రూమ్‌కి తాళం వేసి ఎవరినీ వెళ్ళనివ్వకపోయినా ఆ షరతు నెరవేరుతుంది. తువ్వాలు వేసినవాడు ఎప్పటికైనా లోపలికి వెళ్తాడా అన్నది రెండో సగం. దీన్ని టెంపొరల్ లాజిక్‌లో, అంటే ముందు, తర్వాత, ఎప్పటికైనా లాంటి మాటలున్న లాజిక్‌లో రాయాలి: "ఎప్పుడైనా సరే, నేను తువ్వాలు వేస్తే, ఆ తర్వాత ఎప్పటికైనా నేను లోపల ఉంటాను." ప్రోమెలా ఫైలులోనే ఎల్‌టీఎల్ అనే పేరుతో రాయొచ్చు. పాన్‌ని హైఫన్ ఏ తో నడపాలి.

ఆగే లైనుని షరతుగా కాకుండా మళ్ళీ మళ్ళీ చూసే లూప్‌గా రాసి ఉంటే, మొదటిసారి నడిపినప్పుడు తప్పు ఉందంటుంది. కంగారు పడకండి. దారి చూస్తే, నేను తువ్వాలు వేసి నిలబడ్డాక నాకు అసలు అడుగు వేసే అవకాశమే ఇవ్వకుండా బావని మాత్రమే తిప్పుతూ ఉంటుంది. అది మీ పద్ధతి తప్పు కాదు, ఎవరి వంతు ఎప్పుడో నిర్ణయించే షెడ్యూలర్ పక్షపాతం. హైఫన్ ఎఫ్ కూడా ఇస్తే, అడుగు వేయడానికి ఎడతెగకుండా సిద్ధంగా ఉన్నవాడికి ఎప్పటికైనా వంతు వస్తుందనే నియమం కలుస్తుంది. అప్పుడు పీటర్సన్ పద్ధతి నెగ్గుతుంది. ఇంకో మాట, ఎల్‌టీఎల్ షరతు పెట్టి నడిపేటప్పుడు పాన్ డెడ్‌లాక్‌ల కోసం చూడటం మానేస్తుంది. ఆ సంగతి అవుట్‌పుట్‌లో చిన్న లైనుగా ఉంటుంది, నేను ఏడాదిపాటు గమనించలేదు. రెండు ప్రశ్నలకీ రెండు ఫైళ్ళు పెట్టుకోండి.

ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది. తువ్వాళ్ళ గోల లేకుండా, గోడ మీద పేరొక్కటే పెట్టుకుంటే? నా పేరుంటే నేను వెళ్తాను, వచ్చాక బావ పేరు రాస్తాను. మోడల్‌లో ఇద్దరూ ఎప్పటికీ బాత్‌రూమ్‌కి తిరుగుతూనే ఉంటే ఈ పద్ధతి అన్ని పరీక్షలూ నెగ్గుతుంది. కానీ సంక్రాంతికి బావ పలాస వెళ్ళిపోయాడు. గోడ మీద వాడి పేరుంది. నేనేం చేయాలి? మనుషులు వెళ్ళిపోవచ్చన్న సంగతి మోడల్‌కి చెప్పకపోతే చెకర్‌కి తెలియదు. లూప్ మొదట్లో రెండు దారులు పెట్టండి: మళ్ళీ బాత్‌రూమ్‌కి రావడం, లేదా లూప్ వదిలి వెళ్ళిపోవడం. ఏది ఎంచుకోవాలో షరతు పెట్టకండి. చెకర్ రెండూ ప్రయత్నిస్తుంది, వెంటనే డెడ్‌లాక్ చూపిస్తుంది. పీటర్సన్ పద్ధతిలో అయితే ఊరెళ్ళినవాడి తువ్వాలు తీగ మీద ఉండదు కాబట్టి ఇబ్బంది లేదు.

సున్నా తప్పులు వస్తే ఏం చేయాలి

నమ్మకండి. ముందు అవుట్‌పుట్ కింద "అన్‌రీచ్డ్" అని వచ్చే జాబితా చూడండి. అందులో లోపలికి వెళ్ళే లైను ఉందంటే మోడల్‌లో ఎవరూ ఎప్పుడూ లోపలికే వెళ్ళలేదు, మీ అసర్ట్ ఒక్కసారి కూడా నడవలేదు. "సెర్చ్ డెప్త్ టూ స్మాల్" అన్న మాట కనబడితే వెతుకులాట మధ్యలో తెగింది. మామూలుగా లోతు 10,000 అడుగులు, హైఫన్ ఎమ్ తో పెంచుకోవాలి.

తర్వాత కావాలని పాడుచేయండి. ఒకటీ రెండూ లైన్లు తారుమారు చేయండి, ఆరు అడుగుల దారి రావాలి. ఆగే లైను తీసేయండి, ఇద్దరూ లోపల పడాలి. మనుషులు వెళ్ళిపోగల మోడల్‌లో తువ్వాలు తీసే లైను తీసేయండి, డెడ్‌లాక్ రావాలి. పాడుచేసినా సున్నా అంటే మోడల్‌లోనో ప్రశ్నలోనో లోపముంది. నేనైతే ఈ పాడుచేసిన ఫైళ్ళని కూడా కోడ్‌తో పాటే దాచి, లాక్‌లో ఏ మార్పు చేసినా అన్నిటినీ మళ్ళీ నడుపుతాను.

స్థితులు మరీ పెరిగి మెమొరీ చాలకపోతే మోడల్‌ని తగ్గించండి. ముగ్గురితో, ఒక్కొక్కరు రెండేసి సార్లు తిరిగేలా చూస్తే చాలా తప్పులు అక్కడే బయటపడతాయి. లాంపోర్ట్ 1974లో చెప్పిన బేకరీ పద్ధతిలో (వచ్చినవాళ్ళు టోకెన్ తీసుకుని నంబరు వరసలో లోపలికి వెళ్ళే లాక్) టోకెన్ నంబర్లు హద్దు లేకుండా పెరుగుతాయి, అలాంటి వాటికి ఒక హద్దు పెట్టాల్సిందే. హద్దు పెట్టి చూశానని ఫైలు మొదట్లో రాసుకోండి.

మోడల్ నెగ్గాక కోడ్ రాసేటప్పుడు ఒక ప్రమాదం మిగిలే ఉంటుంది. స్పిన్ దృష్టిలో తువ్వాలు వేయగానే అందరికీ కనబడుతుంది. నిజం ప్రాసెసర్ అలా ఉండదు. మామూలు ఇంటెల్ చిప్‌లో కూడా ఒక కోర్ రాసిన విలువ కాసేపు దాని స్టోర్ బఫర్‌లోనే ఉండిపోతుంది. తువ్వాలు ఇంకా భుజం మీదే ఉంది, తీగ మీద వేసేశాననుకుని అవతలి తువ్వాలు కోసం చూస్తుంది. ఇద్దరూ అలాగే చేస్తే ఇద్దరూ లోపలే. ఫోన్లలో ఉండే ఆర్మ్ చిప్‌లు ఇంకా స్వేచ్ఛగా వరస మారుస్తాయి. కాబట్టి సీ లో తువ్వాలు, పేరు రెండిటినీ మామూలు వేరియబుళ్ళుగా పెట్టకండి. సీక్వెన్షియల్ కన్సిస్టెన్సీ (అందరికీ అన్నీ ఒకే వరసలో కనబడతాయనే హామీ) ఇచ్చే అటామిక్ వేరియబుళ్ళుగా ప్రకటించండి. ఓపికుంటే మోడల్‌లోనే ఒక్కొక్కరికీ భుజం అని ఒక వేరియబుల్ పెట్టి, భుజం మీది తువ్వాలుని తనకి తోచినప్పుడు తీగ మీదికి మార్చే మూడో మనిషిని రాయండి. పీటర్సన్ పద్ధతి అప్పుడు ఎలా విరుగుతుందో కళ్ళారా చూస్తారు.

మేం గదులు ఖాళీ చేసిన తర్వాతి నెలలో ఓనరమ్మ గారు గడియ వేయించారట. మీలో చాలామందికి కూడా సొంత లాక్ రాసే అవసరం రాదు, లైబ్రరీలో ఉన్న మ్యూటెక్స్ అనే గడియ వాడతారు. అప్పుడు చూడాల్సింది వేరే. ఆ ఇంట్లో బకెట్ కూడా ఒక్కటే ఉండేది. నేను బకెట్ పట్టుకుని బాత్‌రూమ్ కోసం, బావ బాత్‌రూమ్‌లో దూరి బకెట్ కోసం ఆగిన రోజులున్నాయి, గడియ ఉన్నా అది ఆగేది కాదు. మీ ప్రోగ్రామ్‌లో రెండు మ్యూటెక్స్‌లు ఉంటే మొదటి మోడల్ దానికే రాయండి. ఎవరు ఏది ముందు తీసుకుంటారు, ఏది ముందు వదులుతారు అన్నంత వరకే చాలు. ఇరవై లైన్లు దాటదు.